హోమరు కావ్యములందు దైవసాహాయ్యము – వీరుని కర్తృత్వము

హోమరు పేరఁ బ్రసిద్ధములైన ఇలియడు, ఒడిస్సీ యను యవనమహాకావ్యములు రెంటియందును దేవతలు రణరంగమునకు దిగివచ్చి వీరులకుఁ దోడ్పడుచుందురు. గెలుపు దేవతచేఁ గలిగినచో వీరునికిఁ గీర్తి యెట్లు చెల్లునను నాక్షేప మిందుండియే పుట్టినది. హోమరు వర్ణించిన మానవుఁడు తన నిర్ణయములకుఁ దానే మూలమని యెఱుఁగఁడని బ్రూనో స్నెల్ 1946లోఁ బ్రకటించిన గ్రంథమున వాదించెను. ఒకే కార్యమునకు దైవప్రేరణమును మానవసంకల్పమును గూడఁ గారణములగునని ఆల్బిన్ లెస్కీ 1961లోఁ జూపెను. ఈ రెండవ మతమే కావ్యమునకు సన్నిహితము. అయినను సర్వఘట్టములకు నది సమముగా వర్తింపదు.

వ్యాకరణపరిభాష యిచట నుపకరించును. ఒకఁడు వండుచుండ వానిచే వండించువాఁడు హేతుకర్త. పాణిని యట్టి ప్రయోజకునికి హేతుసంజ్ఞతోఁబాటు కర్తృసంజ్ఞను గూడ విధించెను. అంతమాత్రమున వండువాని కర్తృత్వము పోదు.

ఇలియడు ప్రథమసర్గమున ఆగమెమ్ననుపైఁ గత్తి దూయుచున్న అకిలీసును అథీనాదేవి వెనుకనుండి జుట్టు పట్టి వారించును. అయినను తన మాట వినుటను అతని సమ్మతికే విడుచును. అతఁడు విని కత్తిని ఒఱలో నుంచును. దేవి హేతువు, నిగ్రహము అకిలీసుది. 19వ సర్గమున ఆగమెమ్నను తన తప్పునకు జ్యూసును, విధిని, ఎరినీసును గారణముగాఁ జెప్పియుఁ బరిహారధనమును దానే యిచ్చును. ప్రేరకుఁ డున్నను ఫలము కర్తను విడువదనుట కిది నిదర్శనము. ఒడిస్సీ 22వ సర్గమున మెంటరు రూపమున వచ్చిన అథీన వెంటనే సంపూర్ణజయము నొసఁగక, ఒడిసియసుయొక్కయు నతని కొడుకుయొక్కయు బలమును బరీక్షించును.

పట్రోక్లసు వధ దీనికి భిన్నము. ఇలియడు 16వ సర్గమున అపోలో స్వయముగా అతని వీఁపుపైఁ జఱచి, శిరస్త్రాణమును బడఁద్రోసి, కవచమును విప్పును. పిదప యూఫోర్బసు బల్లెము వెనుకనుండి దిగును. హెక్టరు కడపట వచ్చి పొడుచును. ఇచట దేవత ప్రయోజకుఁడు కాఁడు, సాక్షాత్కర్త. కావుననే పట్రోక్లసు చనిపోవుచు, తన్నుఁ జంపినవారిలో హెక్టరు మూఁడవవాఁడని చెప్పును. కీర్తిని బంచి లెక్క చూపినవాఁడు కవియే.

22వ సర్గమందలి హెక్టరు వధ యన్నిటికంటెఁ గఠినమైన ఘట్టము. అథీన హెక్టరు తమ్ముఁడైన డీఫోబసు రూపము ధరించి యతనిని మోసపుచ్చి నిలుపును. గుఱితప్పిన అకిలీసు బల్లెమును హెక్టరు చూడకుండ మరల నందిచ్చును. అథీనయే తన బల్లెముచే హెక్టరును గూల్చునని అకిలీసు పలుకును. ఈ వాక్యమున దేవి కర్త, బల్లెము కరణము. అకిలీసు షష్ఠీవిభక్తిలో మాత్రమే మిగులును. అయినను కడపటి పోటు అతనిదే. హెక్టరు ధరించినది పట్రోక్లసునుండి యొలిచిన అకిలీసు కవచము. దానికిఁ గంఠముకడ నున్న సందును వెదకి పొడిచినవాఁ డతఁడే. కావున నతని కర్తృత్వము నిలుచును. మోసముచేఁ గలిగిన లాభమును మాత్రము కవి దాఁచలేదు.

ఇఁక హెక్టరు మోసము నెఱిఁగెను. దేవతలు తన్ను విడిచిరనియు నెఱిఁగెను. అయినను భావితరములు వినఁదగిన కార్యమొకటి చేసియే చావఁగోరి కత్తి దూసి మీఁదికి దుమికెను. ఆ క్షణమున నతనికి హేతుకర్త యెవఁడును లేఁడు. కర్తృత్వము కేవలమై కనఁబడున దిచటనే.

కాఁబట్టి దైవసాహాయ్యము కలదా లేదా యను ప్రశ్నచే వీరుని కీర్తి తేలదు. దేవత ప్రేరేపించెనా, వీరునికి మాఱుగాఁ దానే చేసెనా యని ప్రతిఘట్టమునను విచారింపవలెను. జయము దైవమునకు లోఁబడినను మహత్త్వము లోఁబడదని హోమరు మతము. ఇలియడు అకిలీసు విజయముతోఁ గాక హెక్టరు అంత్యక్రియలతో ముగియుట యీ యర్థమునే బలపఱచుచున్నది.