ఆర్ద్ర నాలుగో పాదం

ఈ వారం డాలస్ నుంచి మేనకోడలి ఫోన్. మగపిల్లాడు, ఆర్ద్రా నక్షత్రం, నాలుగో పాదం. "ఛతో ఒక పేరు చెప్పు మామయ్యా. రెండక్షరాలు చాలు. మంచి అర్థం ఉండాలి, ఇక్కడి టీచర్లకు నోరు తిరగాలి." ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లేలోపే కాగితాల్లో పేరు రాయాలట. ఈ కాలమిస్టు నోట ముందుగా వచ్చింది ఉత్త "ఛ!" మాత్రమే.

పిల్లల పేర్ల మీద ఇతగాడి చిరాకు పాఠకులకు కొత్తేమీ కాదు. సంఖ్యాశాస్త్రం అంటూ ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకో 'ఏ', ఇంకో 'హెచ్' ఇరికించేవాళ్ల మీద ఇదే చోట ఎన్నిసార్లు చిందులు తొక్కాడో! ఈసారీ పాత పాటే ఎత్తుకున్నాడు. "తాత పేరుండగా వెతుకులాట ఎందుకమ్మా? సుబ్బయ్య అని పెట్టేయండి."

"పెట్టినా పిలిచేదెవరు మామయ్యా? మా అత్తగారి నోట మా మామగారి పేరు ఎప్పుడైనా విన్నావా?"

అదీ నిజమే. మొగుడి పేరని నాయనమ్మ పలకదు, మామగారి పేరని కోడలు పలకదు. తాత పేరున్న పిల్లాడు చంటిగానో బుజ్జిగానో పెరిగి, బళ్లో హాజరు పిలిచినప్పుడు అది తన పేరేనని తెలియక గుడ్లప్పగించి కూర్చుంటాడు.

పోనీ, ఆ తాతల పేర్లయినా ఎక్కడి నుంచి వచ్చాయి? చాలావరకు పంచాంగంలోంచి కాదు, మొక్కుల్లోంచి. ఉత్తరాంధ్రలో అప్పలస్వామి, అప్పలనాయుడు అంటే సింహాద్రి అప్పన్న చలవ. పైడితల్లి, పైడిరాజు విజయనగరం అమ్మవారి ప్రసాదం. తెలంగాణలో యాదగిరి, యాదమ్మ గుట్ట నరసింహస్వామి తరఫువాళ్లు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు జనం మొక్కేది కుళ్ళాయిస్వామి పీరుకు. కుళ్ళాయప్ప అనే పేరు ఆ చుట్టుపక్కల హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది, ముస్లింల ఇళ్లలోనూ వినిపిస్తుంది.

పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో అయితే దేవుడి పేరు పెట్టడానికి కూడా భయపడేవారు. పసిగుడ్డును చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. పక్కింటావిడ వచ్చి, దొరికిన బిడ్డలా ఎత్తుకునేది. తల్లి గుప్పెడు తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కునేది. పెంటయ్య, పెంటమ్మ, తవిటయ్య, తవిటినాయుడు ఇలా వచ్చినవాళ్లే. ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేదని మృత్యువును నమ్మించడానికి అంత నాటకం! ఇప్పుడు ఆ పేర్లు విని నవ్వేవాళ్లను చూస్తే ఈ కాలమిస్టుకు ఒళ్లు మండుతుంది. ఆ తవుడు కొలిచి ఇచ్చిన తల్లి చేతులు ఎంత వణికాయో వీళ్లకేం తెలుసు?

దేవుడే లేడన్న గోరా గారి పద్ధతి వేరు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. యుద్ధమేఘాలు కమ్ముకున్న 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో బిడ్డ నౌ. పంచాంగం బదులు పేపరు చూసి పెట్టారన్నమాట.

ఇంతదాకా వచ్చేసరికి ఇతగాడు ఇరకాటంలో పడ్డాడు. పాతవాళ్ల భక్తి చూపించి మేనకోడల్ని మందలిద్దామనుకుంటే, నక్షత్ర పాదాన్ని పట్టుకుని వేలాడుతున్నది ఆ అమ్మాయే! 27 నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అదే ఆర్ద్రలో మూడో పాదానికి పట్టిక ఇచ్చే అక్షరం ఙ. దానితో పేరు మొదలుపెట్టే మొనగాడు తెలుగుదేశంలో లేడు. అక్కడ పురోహితులే ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారు.

అసలు దెబ్బ ఇంట్లో జరిపే సంస్కారాల విధులు చెప్పే పాత గ్రంథం, ఆశ్వలాయన గృహ్యసూత్రం కొట్టింది. మగపిల్లాడి పేరుకు రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలంటుంది. గ, జ, ద, బ లాంటి ఘోషాక్షరంతో మొదలవ్వాలి, మధ్యలో య ర ల వలలో ఒకటి రావాలి. నమస్కరించేటప్పుడు చెప్పుకోవడానికి ఇంకో పేరు పెట్టి, ఉపనయనం దాకా అది తల్లిదండ్రులకే తెలిసి ఉండాలంటుంది. ఈ లెక్కన రెండక్షరాల పేరు అమెరికా మోజు కాదు, గృహ్యసూత్రాల నాటిది. సుబ్బయ్యే రెండు చోట్ల తప్పాడు. అక్షరాలు మూడు, మొదటిది స. ఛ కూడా ఘోషాక్షరం కాదు కాబట్టి మేనకోడలికీ సగం మార్కులే.

మర్నాడు ఫోన్ చేసి తాత పేరు ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. "ఛతో పెట్టే పేరేదో మీరిద్దరూ రహస్యంగా ఉంచుకోండి. పిలవడానికి దేవ అని పెట్టండి, సూత్రానికి సరిపోతుంది."

"దేవ... బానే ఉంది. మా అత్తగారు కూడా పిలవగలరు. మరి ఫారంలో ఇంటిపేరు ముందు రాయాలా, వెనకాలా మామయ్యా?"

దాని మీద ఈ కాలమిస్టుకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. వచ్చేవారం.