ఆముదం చేయలేని పని

ఆముదం వండడం మా జేజి దగ్గర చూశాను. గింజలు మంగలంలో వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్లలో గంటల తరబడి ఉడికించేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, చిటపటలు ఆగేదాకా మళ్లీ కాచేది. అడుగున మిగిలిన పిప్పిని గొడ్లకు అందకుండా దిబ్బలో కప్పెట్టేది. గింజలోని రిసిన్ అనే విషం నూనెలోకి దిగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. ఆ పేరు జేజి విననేలేదు. గొడ్డు తింటే చస్తుందని మాత్రం తెలుసు.

కర్నూలు, కడప పల్లెల్లో కడుపు శుద్ధికి ఆముదంతోపాటు కరక్కాయ, రేల గుజ్జు, తెల్లతెగడ వాడేవాళ్లు. నేపాళం గింజనైతే పాలలో ఉడికించి శుద్ధి చేయనిదే తెలిసిన వైద్యులు ముట్టరు. విషం సోకినా భేది మందే. చరక సంహిత చెప్పిన 24 విష చికిత్సల్లో విరేచనం ఒకటి. ఊరికే పుట్టిన నమ్మకం కాదది.

ఓసారి పత్తికి పురుగుమందు కొడుతూ మా పక్కింటి మామ గెనెం మీద కూలబడ్డాడు. మందుకు తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇంటికి మోసుకొచ్చి గిన్నెడు ఆముదం పోశారు. భేదులు మొదలైనాయి. "ఇంగ భయం లేదు, విషం దిగుతాంది" అన్నారు పెద్దోళ్లు. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత. అవన్నీ విషం పనులే. భేదులు కూడా. మేం సంతోషపడింది విషం ముదురుతున్న గుర్తు చూసి. చర్మం గుండా నెత్తుట్లోకి పోయిన మందు, పేగులు కడిగితే వస్తుందా?

చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ముందు బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడిగారు. తర్వాత అట్రోపిన్ సూదులు, రొమ్ములో గురగుర తగ్గేదాకా. మామ బతికాడు. అట్రోపిన్ మన గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉంది. కానీ ఏ ఆకులో ఎంతుందో చెప్పలేం, నూరి పోస్తే ఇంకో విషమే.

మింగిన విషానికైనా ఉత్త భేది మందు పనికిరాదని అమెరికా, యూరప్ విషవైద్య నిపుణుల సంఘాలు 1997లో తేల్చాయి, 2004లో మళ్లీ అదే చెప్పాయి. ఇక రక్తపింజర కాటు విషం కడుపులోకే రాదు.

జేజి ఆముదం మీద నాకు గౌరవం తగ్గలేదు. మలబద్ధకానికి అది మందే. పురుగుమందు కొడుతూ ఎవరైనా పడిపోతే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయండి. మీ చేతులకు కవర్లు తొడుక్కొని, తడిసిన బట్టలు తీసి, సబ్బు నీళ్లతో కడగండి. నోట్లో ఏమీ పోయకండి, స్పృహ తప్పేవాళ్లకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు డబ్బా ఆసుపత్రికి తీసుకుపోవడం మరువకండి.