మాట తెలిసినవాడి పాట

కర్ణాటకలోని పావగడ దగ్గర మా రాయచెర్లులో ఇళ్లల్లో తెలుగు, బడిలో కన్నడం. రెంటికీ చెడతామేమోనని మా పెద్దలు దిగులుపడేవాళ్లు. ఆ దిగులుకు జవాబు మా పక్కనే పుట్టిందని, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి మీద వచ్చిన ఈ పుస్తకం చదివాక తెలిసింది. పావగడను ఆనుకొని ఉన్న అనంతపురం జిల్లాలో, రాళ్లపల్లి అనే పల్లెలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కాలేజీలో 38 ఏళ్లు తెలుగు చెప్పారు. బిడారం కృష్ణప్పగారి దగ్గర సంగీతం నేర్చారు. తెలుగులో వేమన మీద ఉపన్యాసాలిచ్చారు, కన్నడంలో ‘గానకలె’ రాశారు.

పుస్తకం రాసిన అమ్మాయి మా ఊరి పిల్ల, సంగీతం టీచరు. శర్మగారి బిరుదులతో పేజీలు నింపకుండా ఆయన పని దగ్గర మనల్ని కూర్చోబెట్టింది. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద పైన రాగం పేరుంది, కింద సాహిత్యముంది. తాళం లేదు, స్వరం లేదు. అబలి, కొండమలహరి లాంటి రాగాలకు పేరు మిగిలింది గానీ పాడి వినిపించేవాళ్లు మిగల్లేదు. ఆ రేకులను పరిష్కరిస్తున్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కన్నుమూశాక ఆ పని శర్మగారి చేతికొచ్చింది. ఎన్నో కీర్తనలకు ఆయనే వరస కట్టి స్వరపరిచారు.

అక్కడ ఆయనలోని సంగీత విద్వాంసుడికి ఆయనలోని తెలుగు పంతులు తోడొచ్చాడు. మాట ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడికే తాళం ఎక్కడ పడాలో తెలుస్తుంది. మా రామాలయం భజనలో తాళానికి సరిపోలేదని ‘రామచం’ దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకొని ‘ద్రుడు’ అన్నవాణ్ణి నేను. రాముడు ఓర్చుకున్నాడు. ఈ పుస్తకంలో పదాల విరుపు మీద రాసిన అధ్యాయం చదివాక మాత్రం నాకు సిగ్గేసింది.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చేనాటికి శర్మగారికి ఎనభై దాటాయి. కచేరీలతో పేరు తెచ్చుకున్న మహామహుల వరసలో జీతానికి తెలుగు చెప్పిన మాస్టారు నిలబడ్డారు. 1979లో ఆయన వెళ్లిపోయినా, మాట తెలిసి పాడాలన్న ఆయన పాఠం పాతబడలేదు.

ఒక్క లోటు చెప్పకపోతే పెద్దరికానికి అర్థం లేదు. స్వరలిపి రాని మాబోటివాళ్లకు కొన్ని పేజీలు కొరుకుడుపడవు. రెండో ముద్రణలో వాటిని విడమరిచి రాయమ్మా. ఇంత పని చేసినదానివి, అదీ చెయ్యగలవు.

చదువరులకు ఒక మాట. ఈ పుస్తకం మూసి కీర్తన అందుకునే ముందు ఆ సాహిత్యాన్ని ఒకసారి మామూలుగా చదవండి. అర్థమయ్యాక పాడండి.