భీముకు అక్షరాలు ఎవరు నేర్పిండ్రు?

2022 మార్చిలో ఆర్‌ఆర్‌ఆర్ వచ్చినప్పుడు నాచారంలో మా గదిలో ఉండే ఐదుగురం కలిసి ఉప్పల్‌లో సినిమాకు పోయినం. ముగ్గురం ఆసిఫాబాద్ వైపు గోండులం, ఇద్దరు లంబాడీ తమ్ముళ్లు. అందరం పారిశ్రామికవాడలో షిఫ్టు పనులు చేసేవాళ్లమే. ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో ఉన్నది కూడా ఆ నాచారంలోనే. ఆయన మనవడు మన భీము వేషం వేసిండంటే, టికెట్టు కొనకముందే మాకు ఛాతీ ఉబ్బింది.

నిజం చెప్పాలి. భీమును కొరడాలతో కొట్టే చోట నేనూ ఏడ్చిన. చివర్లో మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న. చుట్టూ ఈలలు. ఏం కావాలో అడుగు అంటాడు రామరాజు. చదువు కావాలంటాడు భీము. జల్ జంగల్ జమీన్ అని రామరాజే జెండా మీద రాసిస్తాడు.

బయటికొచ్చినంక మా తమ్ముడు అడిగిండు: "ఏం దాదా, నచ్చలేదా? మనోడు అంత పెద్ద తెర మీదికొచ్చిండు, చాలదా?"

వాడి మాట కొట్టిపారేసేది కాదు. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీమ్' థియేటర్లకు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మనల్ని చూపిస్తే చాలు అన్నంత కరువులో ఉన్నం.

కల్పన అని దర్శకుడు ముందే చెప్పిండు. 1920 ప్రాంతంలో ఇద్దరు వీరులూ ఇల్లు విడిచి ఉన్న రోజుల్లో కలిసి ఉంటే ఎట్లుండేదని ఊహించిండట. ఊహించుకోనీ. కానీ ఇల్లు విడిచిన ఆ రోజుల్లో భీము ఏం చేసిండు? మనవాళ్లు చెప్పుకునే కథ ప్రకారం చంద్రాపూర్‌లో విఠోబా అనే ఆయన అచ్చుపని దగ్గర చేరి చదవడం, రాయడం నేర్చుకున్నడు. అటు నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయిండు. తిరిగొచ్చి 12 గూడేలను కూడగట్టి, నిజాం అటవీ, రెవెన్యూ అధికారులకు ఎదురు నిలిచి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిండు. అంటే సినిమా ఎంచుకున్న ఖాళీ నిజానికి ఖాళీ కాదు. ఆయన చదువుకున్న కాలం అది. దాన్ని తుడిచి, అక్కడ పులులతో పెనుగులాడే బలాన్ని నింపిండ్రు.

నిజాం సంగతి మరీ విడ్డూరం. తెర మీద ఆయన మనిషి గోండుల గురించి దొరలకు హెచ్చరిక చెప్పే సలహాదారు. మందకొక కాపరి ఉన్నాడంటాడు. మన రాయిసభల్లో కూర్చుని తీర్పులు చెప్పిన పెద్దలు మందలో గొర్రెలా?

2020లో టీజర్ వచ్చినప్పుడు భీము తల మీద టోపీ గురించి పెద్ద రచ్చ అయింది. ఆయన చేతిలోని పలక ఎటు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. గుంజాలలో మన పాత గోండి రాతప్రతులు బయటపడ్డయి. ఆ లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. సినిమా రావడానికి నాలుగేళ్ల ముందు.

ఆస్కార్ వచ్చిన 2023లో ఇంటికి పోయిన. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు 'నాటు నాటు'కు ఎగురుతున్నరు. చూడముచ్చటగా ఉంది, ఆ పాట మీద నాకేం కోపం లేదు. ఆట అయినంక ఒక పిలగాణ్ని పిలిచి భీము ఎవరని అడిగిన.

"పులిని పట్టిండు. రామరాజు ఆయనకు సదువు చెప్పిండు."

సారు నవ్విండు. నాకు నవ్వు రాలేదు. నల్లబల్ల మీద భీము పేరు రాయమన్న. తెలుగులో గుండ్రంగా, చక్కగా రాసిండు. గోండిలోనూ రాయొచ్చు తెలుసా అన్న. వాడు సారు వైపు చూసిండు. సారు సుద్దముక్క నా చేతికిచ్చిండు.

నాకూ రాదు.