రేగడి సాక్ష్యం

అట్లాంటిక్ లోతు ప్రవాహం రేపో మాపో ఆగిపోతుందంటూ ఈ వారం ఓ చానల్ స్క్రోలింగ్ గంటలకొద్దీ తిరిగింది. ఈ కాలమ్‌కు చిరాకెత్తింది. ఆ ప్రవాహాన్ని 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంబడి ఎడతెగకుండా కొలుస్తున్నది 2004 నుంచే. అంతకు ముందరి వేల ఏళ్ల సంగతి చెప్పాల్సింది అడుగున పేరుకున్న బురదే.

బురద మాటెత్తితే కాలమ్ నల్లరేగడి దగ్గరికి పోయి తీరుతుందని పాత పాఠకులకు తెలుసు. పోనివ్వండి. ఎండలకు నెర్రెలిచ్చి, తొలకరికి ఉబ్బి, ఇంటి గోడలు చీల్చే ఆ నేలలో ఉన్నది స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం. దక్కన్ బసాల్ట్ శిథిలమైతే పుట్టింది. కృష్ణా గోదావరులు దాన్ని బంగాళాఖాతంలోకి మోస్తాయి. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి ఇల్లైట్, క్లోరైట్ తెస్తాయి. తూర్పు హిందూ మహాసముద్రం అడుగున ఏ ఖనిజం ఎక్కడుందో 1973లో కొల్లా వెంకటరత్నం, పియర్ బిస్కే వివరంగా చూపారు.

ల్యాబులోనూ రేగడి బుద్ధి మారదు. 2 మైక్రాన్ల కంటే సన్నటి మట్టిని గాజు స్లైడు మీద ఆరబెట్టి, కారు రేడియేటర్లో పోసే గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే స్మెక్టైట్ పొరల ఎడం 17 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఉబ్బుతుంది. ఎక్స్-రేకి దొరికిపోతుంది. కెయోలినైట్, క్లోరైట్ మాత్రం తోడుదొంగలు. 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర రెండింటి ఎక్స్-రే శిఖరమూ ఒక్కటే. మొదటిది 3.58 దగ్గర, రెండోది 3.54 దగ్గర విడిపోతాయని 1964లో బిస్కే చూపారు. ఇంత చిన్న తేడాతోనే అట్లాంటిక్ గుట్టు దొరికింది. కెయోలినైట్ ఉష్ణమండలపు వాననేలల్లో పుట్టేది, క్లోరైట్ చలిసీమల రాతిపొడిలో ఎక్కువ. దక్షిణ అట్లాంటిక్ అడుగున క్లోరైట్ ఉత్తరానికి చొచ్చుకొచ్చిందంటే అంటార్కిటిక్ నీరు దాన్ని ఈడ్చుకొచ్చిందన్నమాట. ఇంత ముచ్చటైన సాక్ష్యం ఉండగా ఇంకేం కావాలి?

చాలానే కావాలి. కెయోలినైట్‌ను సహారా గాలి కూడా మోసుకొస్తుంది. వానల తీరు మారితే, ప్రవాహం ఇసుమంత మారకపోయినా, నదులు దింపే మట్టే మారిపోతుంది. ఖనిజం పుట్టిన ఊరు చెబుతుంది. నీటి జోరు చెప్పదు. జోరు కోసం కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త నికొలస్ మెకేవ్, ఆయన సహచరులు 1995లో ఖనిజం పేరే అడగని పద్ధతి చెప్పారు: 10 నుంచి 63 మైక్రాన్ల ఒండ్రు గింజల సగటు సైజు. 10 లోపువి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ పైవి విడివిడిగా దొర్లుతాయి, నీరు వడిగా పారినచోట పెద్దవే మిగులుతాయి. స్మెక్టైట్ మీద ఇంత మమకారం పెంచుకున్న కాలమ్‌కు మింగుడుపడదు గానీ, వేగం లెక్కలో ఊరూ పేరూ లేని ఆ గింజలదే పైచేయి. అలాగని వాటినీ గుడ్డిగా నమ్మడానికి లేదు. గ్రీన్‌లాండ్ పక్కన కరిగే మంచుకొండలు రాల్చిన రాతిపొడిలోనూ అదే సైజు గింజలుంటాయి. అందుకే అక్కడ ముందు ముతక ఇసుక ఎంతుందో చూసి, అది మరీ ఎక్కువైన పొరలను లెక్కలోంచి తీసేస్తారు.