పాపారాయుడి ఓటమి, పాపడి ఓటమి

ఇద్దరి పేరూ పాపడే. ఇద్దరూ ఓడిపోయినవాళ్ళే. మధ్యలో 47 ఏళ్ళు తేడా. ఒకాయన 1757 బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన తాండ్ర పాపారాయుడు. ఇంకొకాయన 1710లో మొగల్ అధికారులు చంపించిన సర్వాయి పాపడు. మొదటాయన పేరుకు రాయుడు చేరింది. రెండో ఆయన పేరు 'డు' దగ్గరే ఆగిపోయింది. మన తాతలను ఎల్లడు, మల్లడు, పుల్లడు అని పిలిచిన నోళ్ళే ఆయననూ పాపడు అన్నయి. 'పాపన్న' అనడం మనం ఈ మధ్యనే నేర్చుకున్నాం.

ఈ కథ తరగతిలో చెప్పిన ప్రతిసారీ మాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ఇంతకూ పాపన్న గెలిచిండా, ఓడిండా సార్?" ఓడిండు అంటే పిల్లల ముఖాలు చిన్నబోతయి. బొబ్బిలి గురించి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. బొబ్బిలి ఓడిందని అందరికీ తెలుసు, దానివల్ల ఎవరి ముఖమూ చిన్నబోదు. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందన్నదే మా వ్యాసం.

చరిత్రను గెలిచినవాళ్ళే రాస్తారని మన మీటింగుల్లో తరచూ అంటుంటాం. మేమూ అన్నవాళ్ళమే. ఆ మాట సగమే నిజం. గెలిచినవాళ్ళే రాసివుంటే బొబ్బిలి కథ బదులు విజయనగరం కథ ఊరూరా పాడేవాళ్ళు. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సైన్యం, పూసపాటి విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోటను పట్టుకున్నయి. రంగారావు చనిపోయాడు. కోటలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మగవాళ్ళే చంపారు. సమయానికి రాలేకపోయిన పాపారాయుడు తర్వాత విజయరామరాజు గుడారంలో చొరబడి అతన్ని పొడిచి తానూ చచ్చాడు. యుద్ధపరంగా చూస్తే ఇది సంపూర్ణమైన ఓటమి. అయినా దాన్ని రాబర్ట్ ఓర్మ్ అబ్బురపడి రాశాడు, జంగం కథకులు పాడారు, 1964లో ఒక సినిమా, 1986లో ఇంకో సినిమా వచ్చినయి.

ఎందుకు? బొబ్బిలి ఓడింది గాని బొబ్బిలి వంశం పోలేదు. బతికి బయటపడ్డ చిన్న వారసుడి కాలంలోనే జమీందారీ తిరిగి దక్కింది. కంపెనీ పాలనలో శాశ్వతమైంది. యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం లేచింది. ఆ వంశం రాజావారే 1932, 1937 మధ్య చాలాకాలం మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా ఉన్నారు. ఓడిన తాతకు భూమి ఉన్న మనవడు ఉన్నాడు. పాటకు దానం ఇచ్చే చెయ్యి ఉంది, పుస్తకం అచ్చు వేయించే చెయ్యి ఉంది. ఆ చేతికి తాత ఓటమి సిగ్గు కాదు, పెట్టుబడి.

ఇంకాస్త వెనక్కి పోతే ఇదే పని ప్రతాపరుద్రుడి విషయంలో మరింత పెద్దగా జరిగింది. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ రాజు ఖైదీగా ఢిల్లీకి పోతూ దారిలో చనిపోయాడు. కొన్నేళ్ళకే ప్రోలయ నాయకుడి విలస శాసనం ఆయన నర్మద ఒడ్డున చనిపోయాడని చెప్పింది. 1423 నాటి కలువచేరు శాసనంలో అది తన ఇష్టంతో స్వర్గానికి పోవడం అయింది. ప్రతాపరుద్ర చరిత్రము వచ్చేసరికి ఢిల్లీ సుల్తానే రాజులోని దైవాంశ చూసి, గౌరవించి వెనక్కి పంపాడు! రెండు వందల ఏళ్ళలో ఖైదు దర్శనంగా మారిపోయింది. ఇది అబద్ధాలకోరు కవుల పని అని కొట్టేయలేం. కాకతీయుల తర్వాత పైకి వచ్చిన నాయక, వెలమ, రెడ్డి కుటుంబాలకు మా పూర్వీకులు ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్నారని చెప్పుకోవడం అవసరం. తాము ఎవరి పేరు చెప్పి భూమి ఏలుతున్నారో ఆ రాజు గొలుసుల్లో చచ్చాడంటే వాళ్ళకు కుదరదు. ఓడినవాడి పేరు నిలబెట్టేది అతని శౌర్యం కాదు. అతని పేరుతో పని ఉన్నవాళ్ళు అతని తర్వాత భూమి మీద మిగిలారా లేదా, అదే తేలుస్తది.

ఇప్పుడు సర్వాయి పాపడి దగ్గరికి వద్దాం. కల్లుగీత కులం. ఓరుగల్లు, భువనగిరి మధ్య ప్రాంతం. మొగలులు 1687లో గోల్కొండను ఆక్రమించినంక తెలంగాణ పాలన కుదురుకోని కాలం. తాటికొండ గుట్ట మీద కోట కట్టాడు. షాపూరులో, అంటే నేటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో, ఇంకో కోట. 1708 మార్చి 31 రాత్రి, మొహర్రం పదో రోజుకు ముందు, రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో ఓరుగల్లు మీద పడ్డాడు. రెండు మూడు రోజులు దోచాడు. పెద్దింటివాళ్ళను వేల సంఖ్యలో పట్టుకుపోయాడు. ఆ సొమ్ముతో తుపాకులు కొన్నాడు. బంజారా వర్తకుల ఎద్దులను పది పన్నెండు వేల దాకా తోలుకొచ్చి షాపూరు చుట్టూ భూములు దున్నించాడు. దొంగ ఎక్కడైనా దుక్కి దున్నిస్తాడా? దొంగ దోచి పోతాడు. ఇతను నాగలి కట్టించాడంటే ఉండిపోవాలని చూశాడన్నమాట. (ఆ ఎద్దులు బంజారాలవి. వాళ్ళకు ఎవరూ పరిహారం ఇవ్వలేదు. ఇది దాచి రాస్తే మనమూ వాళ్ళలాంటి రాతగాళ్ళమే అవుతం.)

1709 జనవరిలో బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు పాపడు 14 లక్షల రూపాయల కానుకతో దర్బారుకు పోయాడు. చక్రవర్తి తీసుకున్నాడు, గౌరవ దుస్తులు కప్పాడు. మొగల్ లెక్కలో ఆ దుస్తులు పడితే మనిషి కప్పం కట్టే నాయకుడైనట్టే. ఎంతోమంది జమీందార్లు అట్లనే మొదలుపెట్టారు, దోచి, కట్టి, కప్పించుకుని. వాళ్ళ మనవలు రాజావార్లయ్యారు. పాపడికి మాత్రం అది దక్కనియ్యలేదు. ఓరుగల్లులో తమవాళ్ళను పోగొట్టుకున్న పెద్దలు షా ఇనాయత్ వెంట పోయి మొరపెట్టుకున్నారు. ఒక కల్లుగీతవాడికి సన్మానమా అన్నది ఆ మొరలోని కడుపుమంట. వాళ్ళ బాధ బూటకం కాదు, వాళ్ళ ఆడవాళ్ళు షాపూరులో బందీలు. కానీ అటువంటి బాధ పెట్టిన పెద్దకులపు నాయకుడెవడికైనా ఈ శిక్ష పడిందా? చక్రవర్తి మాట మార్చాడు. హైదరాబాద్ సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు ఆజ్ఞ పోయింది. భూస్వామ్య కులాల జమీందార్లు మొగల్ ఫౌజుతో చేయి కలిపారు. హిందువు, ముసల్మాను అన్న భేదం అక్కడ అడ్డు రాలేదు.

ఆ తర్వాత ఆయన గురించి రాసిన మనిషి ఖాఫీ ఖాన్, మొగల్ కొలువులోని చరిత్రకారుడు. అతని దృష్టిలో పాపడు సొంత చెల్లెనే దోచి బతుకు మొదలుపెట్టిన గజదొంగ. ఇక ఆయన వైపు నుంచి రాసినవాళ్ళు లేరు. కోటలు పోయినయి, దున్నించిన భూమి పోయింది, తల ఢిల్లీకి పోయింది, మొండెం ముక్కలు హైదరాబాద్ దర్వాజలకు వేలాడినయి. శాసనం వేయించే వారసుడు లేడు. మిగిలింది పాట ఒక్కటే. ఆ పాటను 1874లో బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి అచ్చులో పెట్టాడు. అందులో కొడుకు తల్లితో కులవృత్తి నా చేతికి తగదు, గోల్కొండ మీదికే పోతానని వాదిస్తాడు. ఖాఫీ ఖాన్‌కు వినబడని వాదం అది. నూటా అరవై ఏళ్ళకు పైగా దాన్ని మోసింది భూమి లేని కథకుల గొంతులు. బొబ్బిలి కథకూ దీనికీ కథకులు ఒకే రకం వాళ్ళే. దానం ఇచ్చేవాళ్ళే వేరు.

పరిశోధకుల సంగతి. 1980లో రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు కలిసి పాపడి మీద వ్యాసం రాశారు. పర్షియన్ కథనాన్నీ పాటనూ పక్కపక్కన పెట్టి చదివిన మొదటి పని అది, మనం రుణపడి ఉన్నాం. 2005లో ఈటన్ దక్కన్ సామాజిక చరిత్రను ఎనిమిది జీవితాలుగా రాసి, మొదటి అధ్యాయం ప్రతాపరుద్రుడికీ ఏడోది పాపడికీ ఇచ్చాడు. ఓడిన రాజునూ ఓడిన గీతకార్మికుణ్ణీ ఒకే వరసలో కూర్చోబెట్టిన పుస్తకం మా ఎరుకలో ఇంకోటి లేదు. అయినా రెండు రచనల తలకట్టులోనూ బందిపోటుతనం అన్న మాటే ఉంది. ఈటన్ దానికి హాబ్స్‌బామ్ నుంచి తెచ్చిన 'సామాజిక' అన్న విశేషణం చేర్చాడు. మంచి ఉద్దేశమే. కానీ కప్పం బకాయిల కోసం ఫిరంగులతో బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీని ఎవరూ సామాజిక బందిపోటు అనరు, ఉత్త బందిపోటు అని కూడా అనరు. ఆయన సేనాని. ఓరుగల్లును ముట్టడించిన తుగ్లక్ యువరాజు విజేత. దోపిడీ అందరూ చేశారు, పేరు మాత్రం ఒక్కడికే వచ్చింది.

ఆడవాళ్ళ విషయంలో ఈ రెండు కథలూ ఎట్లా తూకం వేస్తయో చూడండి. బొబ్బిలిలో మగవాళ్ళ చేతుల్లో చచ్చిన ఆడవాళ్ళు ఆ వంశానికి మానం అయ్యారు. ఓరుగల్లు నుంచి పాపడు ఎత్తుకుపోయిన ఆడవాళ్ళు అతని నేరానికి రుజువయ్యారు. రెండుచోట్లా వాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. ఒక్క మనిషి మాత్రం చేతతో మాట్లాడింది. పాపడి భార్య. ఆమె తమ్ముడు ఫౌజుదారు, షాపూరు కోటలోనే ఖైదీ. ఆమె అన్నంలో ఆకురాళ్ళు దాచి పంపింది. పాపడు ఊళ్ళో లేనప్పుడు ఖైదీలు సంకెళ్ళు కోసుకుని కోటను పట్టుకున్నారు. పాపడి పతనం అక్కడ మొదలైంది. మన సభల్లో ఈ ఘట్టం చెప్పరు. చెప్పినా వెన్నుపోటు అంటరు. వెన్నుపోటు అనే ముందు ఆమె ఆ కోటలోకి ఎట్లా వచ్చిందో అడగాలి గదా.

మనవైపు జరుగుతున్నది కూడా ఇక్కడే చెప్పాలి. 2022 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా జరుపుతోంది. సంతోషమే, 312 ఏళ్ళు పట్టింది. కానీ ఆ వేదికల మీద వినిపించే పాపన్న గుర్రం మీద కత్తి ఎత్తిన మహారాజు, గోల్కొండను గెలిచి ఏలినవాడు. తాటికొండ ముట్టడి ఆ మాటల్లో ఉండదు. గౌరవం రావాలంటే గెలిచి ఉండాలి, రాజై ఉండాలి అని మనమూ నమ్మినం. అంటే కొలబద్ద వాళ్ళదే, కొలిచేది మాత్రం మనవాణ్ణి. పైగా ఈ రాజు ఒక్క కులానికే రాజైపోతున్నడు. పాటల్లో, కథల్లో ఆయన పక్కన చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు, కొత్వాల్ మీర్ సాహెబు ఉంటారు. ఫ్లెక్సీలో చోటు లేక కాదు వాళ్ళు కనబడంది.

ఓటమిని దాచని మనిషి మన దగ్గరే ఉన్నాడు. 1932 పూనా ఒప్పందం దగ్గర అంబేద్కర్ తలొగ్గాల్సి వచ్చింది. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారో చెప్పే పుస్తకం రాసినప్పుడు ఆయన ఆ ఓటమిని మింగెయ్యలేదు. ఎన్నికల పట్టికలు పెట్టి, ఉమ్మడి నియోజకవర్గంలో మన ఓటు మన మనిషిని ఎందుకు గెలిపించలేదో లెక్క తీశాడు. 1946లో ఆయన పార్టీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1952లో ఉత్తర బొంబాయిలో నారాయణ్ కజ్రోల్కర్ చేతిలో ఓడాడు. 1954లో భండారాలోనూ అంతే. 'మీవాళ్ళే ఆయనకు ఓటెయ్యలే' అని నేటికీ టీ కొట్టు దగ్గర మనకు వినిపించే మాట ఈ ఓటముల మీద కట్టిందే. దానికి జవాబుగా మనం రాజ్యాంగం గురించి మాట్లాడతాం, ఓటమి గురించి మాట్లాడం. ఆయన అయితే ఓట్ల లెక్క ముందు పెట్టేవాడు.

ఆ పద్ధతిలోనే పాపడి చివరి నెలలు చదవాలి. తాటికొండ ముట్టడి నెలల తరబడి సాగింది. యూసుఫ్ ఖాన్ కోటలోని సైనికులకు ఒక మాట పంపాడు, బయటికి వస్తే రెట్టింపు జీతం అని. చాలామంది దిగి వచ్చారు. మందుగుండు అయిపోయింది. పాపడు వేషం మార్చి హసనాబాద్ దాకా పోయి ఒక కల్లు దుకాణంలో కూర్చున్నాడు. దుకాణందారు గుర్తుపట్టాడు, కబురు పెట్టాడు. పట్టించిన చెయ్యి కల్లు పోసిన చెయ్యే. ఆ చేతికి ఎంత ముట్టింది, ఏ భయం ముట్టింది, ఖాఫీ ఖాన్ రాయలేదు. రెట్టింపు జీతం తీసుకుని గుట్ట దిగినవాళ్ళు మళ్ళీ ఏ ఊళ్ళకు పోయిండ్రు, ఎవరి పొలాల్లో పనికి కుదిరిండ్రు, షాపూరు చుట్టూ దున్నిన భూమి ఆ మరుసటి ఏడాది ఎవరి పేరు మీదికి పోయింది? జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఊళ్ళు ఎరిగిన విద్యార్థులు కైఫీయతులూ మౌఖిక కథలూ దగ్గర పెట్టుకుని ఈ పని మొదలుపెడితే ఈ పత్రికలో చోటు ఉంది. గుర్రం బొమ్మ మీద ఇంకో వ్యాసం అక్కరలేదు.