రుక్మిణీసందేశము: కన్యావాక్కు

తెలుఁగునాఁట వివాహము కావలసిన కన్యలు పోతనామాత్యుని రుక్మిణీకల్యాణఘట్టమును భక్తితోఁ బారాయణము చేయుట చిరకాలముగా నున్న యాచారము. చదివినవారికి యోగ్యుఁడగు వరుఁడు లభించునని నమ్మిక. ఈ యాచారమునం దొక వైపరీత్యము కలదు. పారాయణము చేసిన కన్యయే తరతరములుగాఁ బెండ్లిచూపులనాఁడు తల వంచికొని చాపమీఁదఁ గూర్చున్నది, మాటలాడినవారు పెద్దలు. ఆమె చదివిన కథలోని కన్యయో, పెద్దలు కుదిర్చిన సంబంధమును గాదని తానే వరునకు వర్తమానము పంపినది.

రుక్మి తన చెల్లెలిని శిశుపాలున కీయ నిశ్చయించెను. తండ్రియగు భీష్మకుఁడు కొడుకు మాటకు లోఁబడెను. అప్పుడు రుక్మిణి అగ్నిద్యోతనుఁడను బ్రాహ్మణుని ద్వారకకుఁ బంపినది. సంస్కృతమూలమున నీ దూతకుఁ బేరు లేదు, ఆంధ్రభాగవతమున నున్నది. అంతకంటె ముఖ్యమగు భేదము సందేశమునందే కలదు. ఎట్టి కులకన్య నిన్ను వరింపకుండునని మూలములోని రుక్మిణి యడుగును. పోతన యంతటితో నిలువక, పూర్వము లక్ష్మి నిన్నుఁ గోరలేదా, ఈ మోహము నాతోనే పుట్టినదా యని యడిగించెను. మొదటిది ప్రశంస, రెండవది వాదము. సిగ్గు విడిచినదను నిందకు రుక్మిణి ముందుగనే పూర్వాచారమును సాక్ష్యముగాఁ జూపుచున్నది.

ఇది కేవల ప్రణయలేఖ కాదు. బంధువులను జంపక యంతఃపురమునుండి యెట్లు కొనిపోవుదు నందువేని యను శంకను దానే యెత్తి, పెండ్లికి ముందునాఁడు పురము వెలుపలి గౌరీగుడికి వత్తునని తానే సమాధానము చెప్పును. ఆమె కోరినది రాక్షసవివాహము, ఉంకువ శౌర్యము. మనుస్మృతి ప్రకారము రాక్షసవివాహమనఁగా బంధువులను గొట్టి, రోదించు కన్యను బలిమిఁ గొనిపోవుట. ఇచ్చట బలిమి కన్యపైఁ గాదు, కన్యపక్షమున. స్త్రీని వస్తువుగాఁ జూచిన విధినే యొక స్త్రీ తన సంకల్పమునకు సాధనముగాఁ జేసికొన్నది. ఉంకువ యనఁగాఁ గన్యకై యిచ్చు శుల్కము. దానిని గన్యయే నిర్ణయించుట విశేషము. 1892లోఁ బ్రదర్శింపఁబడి 1897లో ముద్రితమైన గురజాడవారి కన్యాశుల్కముతోఁ బోల్చిన నిది తేటపడును. అందు సుబ్బి వెలను దండ్రియు లుబ్ధావధానులును నిర్ణయింతురు. సుబ్బి యభిప్రాయము నడుగువారు లేరు.

భారతకథలలోని కన్యలతోఁ బోల్చినను రుక్మిణి వేఱుగనే కనఁబడును. నన్నయ శకుంతల దుష్యంతుఁడు కోరిన పిదపఁ దన కుమారునకు యౌవరాజ్యము నియమముగాఁ బెట్టినది. ఎఱ్ఱన సావిత్రి తండ్రి పంపఁగా వరుని వెదకఁబోయినది. దేవయాని తానై యడిగినది. కాని కచుఁడు తిరస్కరించెను, యయాతి శుక్రుని యనుజ్ఞకై నిలిచెను. పెద్దల యనుమతి లేక తానై యడిగి, కోరినవానిని బడసినది యీ నలువురలో రుక్మిణి యొక్కతెయే.

రుక్మిణి జీవుఁడనియు, కృష్ణుఁడు పరమాత్మయనియు, దూత గురువనియు వ్యాఖ్యానించువారు కలరు. ఆ యర్థము పోతన భక్తి కనుగుణమే. అయినను వాచ్యార్థము నిలువనిదే గూఢార్థము నిలువదు. కన్య యడుగుట యనుచితమైనచో, జీవుఁడడుగుట కది యుపమానము కాఁజాలదు. ఇంకొక మాటయు నొప్పుకొనవలెను. లక్ష్మిని సాక్షిగాఁ బిలిచిన వాదము వరుఁడు విష్ణువైనచోటనే చెల్లును. సామాన్యకన్య సామాన్యపురుషు నడుగుటకుఁ గవి యభయ మీయలేదు. అనుగ్రహము లేనిచో నూఱు జన్మములకైనను బ్రాణములు విడుతునను రుక్మిణి మాట యా స్వాతంత్ర్యమునకున్న వెలను దెలుపును. అడుగుట తక్క నామెకు వేఱు ద్వారము లేదు.

కావున నీ ఘట్టము స్త్రీస్వాతంత్ర్యశాసనము కాదు, విధేయతాబోధయుఁ గాదు. నోరు లేదనుకొన్న కన్యకు వాదము, ఉపాయము, ప్రతిజ్ఞ యను మూఁటిని గవి యిచ్చెను. పారాయణమువలన వరుఁడు లభించునని నమ్మిన గృహములు, ఆ వరుఁడు లభించుటకుఁ గారణమైన వాక్కును మఱచినవి.